యూనిట్ - 14: ఉమ్మడి సముద్రాలు - పర్యావరణ ముప్పుల నిర్వహణ: బాల్టిక్ సముద్ర అనుభవం

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 ముప్పు, ఉమ్మడి సముద్రం: భావనలు, చట్టం
14.3 బాల్టిక్ సముద్రం: స్వరూపం, సమస్య
14.4 హెల్సింకి ఒడంబడిక
14.5 భూమి మీది నుంచి వచ్చే ముప్పు
14.6 నౌకల వల్ల వచ్చే ముప్పు
14.7 ఫలితాలు, పరిమితులు
14.8 బంగాళాఖాతం: మనకు వర్తించే అంశాలు
14.9 సారాంశం
14.10 కీలక పదాలు
14.11 ప్రగతి ప్రశ్నలకు సమాధాన సూచనలు
14.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:

• ఉమ్మడి సముద్రంలో పర్యావరణ ముప్పులు ఎన్ని రకాలో వర్గీకరించగలుగుతారు.
• అంతర్జాతీయ సముద్ర చట్టం ఇరుగుపొరుగు దేశాలపై ఉంచిన బాధ్యతలను వివరించగలుగుతారు.
• బాల్టిక్ సముద్రంలో కాలుష్య నియంత్రణ పద్ధతులు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ విఫలమయ్యాయో విశ్లేషించగలుగుతారు.
• ఆ అనుభవాన్ని బంగాళాఖాతం పరిస్థితితో పోల్చగలుగుతారు.

14.1 పరిచయం

ఒక దేశం తన తీరప్రాంతాన్ని ఎలా కాపాడుకుంటుందో గత యూనిట్‌లో చదివారు. ఇప్పుడు ప్రశ్న ఒక మెట్టు పైకి వెళుతుంది. ఒకే సముద్రం చుట్టూ ఆరు, ఏడు, తొమ్మిది దేశాలు ఉన్నప్పుడు ఆ సముద్రాన్ని ఎవరు కాపాడాలి? పొలానికి గట్టు వేసినట్టు సముద్రానికి గట్టు వేయలేం. పటం మీద సరిహద్దు గీత గీయవచ్చు. కానీ ఆ గీత దగ్గర నీరు ఆగదు, చేప ఆగదు, చమురు తెట్టు కూడా ఆగదు.

ఈ పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "పక్క దేశం మురుగు వదిలితే దాని మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళితే సరిపోదా?" సహజమైన ప్రశ్నే. అయితే సముద్రంలో కలిసిపోయిన ఫాస్ఫరస్‌లో ఏ గ్రాము ఏ దేశానిదో రుజువు చేయడం చాలా కష్టం. తీర్పు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. తీర్పు వచ్చినా నీరు శుభ్రపడదు. అందుకే ఉమ్మడి సముద్రాల రక్షణలో న్యాయస్థానాల కన్నా ఇతర పద్ధతులే ఎక్కువగా ఉపయోగపడ్డాయి. ఆ పద్ధతులను అరశతాబ్దంగా పరీక్షిస్తున్న ప్రయోగశాల వంటిది ఉత్తర ఐరోపాలోని బాల్టిక్ సముద్రం. అందుకే దాన్ని ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాం.

ఈ యూనిట్ అంతటా మీరు గుర్తుంచుకోవలసిన విషయం ఇది: సముద్రానికి వచ్చే ముప్పులో పెద్ద భాగం సముద్రంలో పుట్టదు, భూమి మీదే పుడుతుంది. కాబట్టి ఉమ్మడి సముద్రాన్ని కాపాడటమంటే ప్రతి దేశమూ ముందు తన ఇంటి కాలువను బాగుచేసుకోవడం, చేసిందో లేదో అందరూ కలిసి లెక్క చూసుకోవడం.

14.2 ముప్పు, ఉమ్మడి సముద్రం: భావనలు, చట్టం

ముప్పును అంచనా వేయడానికి రెండు కొలతలు కావాలి. ఒకటి, ఆ సంఘటన జరిగే అవకాశం ఎంత? రెండు, జరిగితే కలిగే నష్టం ఎంత? నౌక నుంచి కొద్దిపాటి చమురు కారడం తరచుగా జరుగుతుంది, ఒక్కోసారి కలిగే నష్టం తక్కువ. పెద్ద ట్యాంకర్ బద్దలు కావడం అరుదు, జరిగితే తీరమంతా దెబ్బతింటుంది. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

ఉమ్మడి సముద్రాల్లో ముప్పులను మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

(అ) నెమ్మదిగా పేరుకునేవి: మురుగునీరు, ఎరువుల అవశేషాలు, విష రసాయనాలు, ప్లాస్టిక్.
(ఆ) హఠాత్తుగా వచ్చేవి: నౌకలు ఢీకొనడం, అగ్నిప్రమాదాలు, చమురు ఒలకడం.
(ఇ) గతం నుంచి మిగిలినవి: సముద్రంలో పారవేసిన ఆయుధాలు, మునిగిపోయిన ఓడలు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత బాల్టిక్‌లో, ముఖ్యంగా బోర్న్‌హోమ్, గోట్లాండ్ దీవుల సమీపంలో, సుమారు 40,000 టన్నుల రసాయన ఆయుధ సామగ్రిని ముంచేశారు. నేటికీ అక్కడి జాలర్ల వలల్లో మస్టర్డ్ గ్యాస్ ముద్దలు చిక్కుతుంటాయి. వాటిని పైకి తీయడమే ప్రమాదం కావచ్చు. అందువల్ల ఆ చోట్లను పటాల్లో గుర్తించడం, చిక్కితే ఏం చేయాలో జాలర్లకు నేర్పడం ఇక్కడ ప్రధాన పద్ధతులు.

ఇక చట్టం సంగతి. 1982లో ఆమోదం పొంది 1994లో అమలులోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక ఈ రంగానికి పునాది. భారతదేశం దీన్ని 1995లో ధ్రువీకరించింది. దీని ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ప్రాదేశిక జలాలు, 200 నాటికల్ మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి. బాల్టిక్ వంటి ఇరుకైన సముద్రంలో ఈ మండలాలు ఒకదానికొకటి తగులుతాయి. అందువల్ల అక్కడ ఎవరికీ చెందని జలమంటూ మిగలదు. ఈ ఒడంబడికలో మన పాఠానికి అవసరమైన అధికరణలు ఇవి:

• 122, 123 అధికరణలు: కొన్ని దేశాల మధ్య చిక్కుకుని, ఇరుకైన దారి ద్వారా మాత్రమే మహాసముద్రంతో కలిసే జలాలను మూసిన లేదా పాక్షికంగా మూసిన సముద్రాలు అంటారు. వాటి తీర దేశాలు పరస్పరం సహకరించుకోవాలి.
• 194వ అధికరణ: ఒక దేశపు పరిధిలోని పనుల వల్ల ఇతర దేశాలకు కాలుష్య నష్టం కలగకూడదు.
• 195వ అధికరణ: ఒక చోటి ముప్పును తప్పించే పేరుతో దాన్ని మరో చోటికి నెట్టకూడదు.
• 198వ అధికరణ: ముప్పు ముంచుకొస్తోందని తెలిసిన దేశం, దెబ్బతినే అవకాశమున్న దేశాలకు వెంటనే తెలియజేయాలి.

195వ అధికరణను బాగా గుర్తుపెట్టుకోండి. దీని అవసరం 14.8లో వస్తుంది.

ఈ అధికరణలు బాధ్యతలు చెబుతాయి గాని, ఎవరు ఎంత తగ్గించాలో, ఎప్పటికి తగ్గించాలో చెప్పవు. ఆ పని ప్రాంతీయ ఒప్పందాలది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 1974లో ప్రారంభించిన ప్రాంతీయ సముద్రాల కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. ముప్పు తీవ్రతను నిర్ణయించే రెండు కొలతలు ఏవి?
2. 195వ అధికరణ ఏమి చెబుతుంది?

14.3 బాల్టిక్ సముద్రం: స్వరూపం, సమస్య

డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా, ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా, పోలండ్, జర్మనీ అనే తొమ్మిది దేశాలు బాల్టిక్ చుట్టూ ఉన్నాయి. దీని వైశాల్యం సుమారు 4.2 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే వచ్చే విస్తీర్ణానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. కానీ సగటు లోతు 55 మీటర్లే. బంగాళాఖాతపు సగటు లోతు రెండున్నర వేల మీటర్లకు పైనే ఉంటుందని గుర్తుచేసుకుంటే, బాల్టిక్ ఎంత నిస్సారమైన సముద్రమో అర్థమవుతుంది.

ఈ సముద్రంలోకి నీరు వచ్చి చేరే పరీవాహక ప్రాంతం సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే సముద్రానికి నాలుగు రెట్లు. అందులో 14 దేశాల భూభాగాలున్నాయి. సుమారు 8.5 కోట్ల మంది నివసిస్తున్నారు. తీరమే లేని బెలారస్, చెక్ రిపబ్లిక్ వంటి దేశాల వీధి కాలువ కూడా చివరికి బాల్టిక్‌కే చేరుతుంది.

మహాసముద్రంతో దీనికున్న సంబంధం డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య ఉన్న ఇరుకైన జలసంధులు మాత్రమే. లోపలి నీరంతా మారడానికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. నేడు వదిలిన కాలుష్యం ఒక తరం పాటు అక్కడే తిరుగుతుంది.

నదుల నుంచి వచ్చే మంచినీరు తేలిక కాబట్టి పైన ఉంటుంది. ఉత్తర సముద్రం నుంచి అప్పుడప్పుడు లోపలికి వచ్చే ఉప్పునీరు బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. మధ్య బాల్టిక్‌లో ఈ రెండు పొరల మధ్య హద్దు సుమారు 60 నుంచి 80 మీటర్ల లోతున ఉంటుంది. పై పొరలోని ఆక్సిజన్ ఈ హద్దు దాటి కిందికి దిగడం కష్టం.

ఇప్పుడు పోషకాల సంగతి చూద్దాం. ఊరి మురుగు కలిసే చెరువు గుర్రపుడెక్కతో నిండిపోవడం మీరు చూసే ఉంటారు. మురుగులోని నైట్రోజన్, ఫాస్ఫరస్ మొక్కలకు ఎరువు. అదే ఎరువు సముద్రంలోకి చేరితే శైవలాలు, అంటే నాచు వంటి సూక్ష్మజీవులు, విపరీతంగా పెరుగుతాయి. దీన్ని పోషకాధిక్యం, అంటే యూట్రోఫికేషన్ అంటారు. శైవలాలు చచ్చి అడుగుకు చేరితే, వాటిని కుళ్లబెట్టే బాక్టీరియా అక్కడున్న కొద్దిపాటి ఆక్సిజన్‌ను కూడా వాడేసుకుంటాయి. అడుగున జీవం లేని మండలాలు ఏర్పడతాయి.

కథ అక్కడితో ఆగదు. ఆక్సిజన్ లేని అడుగు మట్టి, అంతకు ముందు తనలో బంధించుకున్న ఫాస్ఫరస్‌ను తిరిగి నీటిలోకి వదులుతుంది. అది మళ్లీ శైవలాలకు ఆహారమవుతుంది. భూమి నుంచి రావడం తగ్గినా సముద్రం తన పాత నిల్వతోనే తనను తాను పాడుచేసుకుంటూ ఉంటుంది. పాత అప్పుకు వడ్డీ కట్టడం లాంటి పరిస్థితి ఇది.

దీని దెబ్బ జాలరి మీద ఎలా పడుతుందో కాడ్ చేప ఉదాహరణతో తెలుసుకోవచ్చు. కాడ్ గుడ్లు నీటిలో తేలుతూ పొదగాలి. పైన ఉన్న తేలిక నీటిలో అవి తేలలేవు, ఉప్పదనం చాలినంత ఉన్న లోతుకు దిగుతాయి. అక్కడ ఆక్సిజన్ లేకపోతే గుడ్లు చచ్చిపోతాయి. దీనికి అతిగా వేటాడటం కూడా తోడై తూర్పు బాల్టిక్ కాడ్ సంతతి క్షీణించింది. 2019లో ఐరోపా సమాఖ్య ఆ చేప వేటను అత్యవసరంగా ఆపవలసి వచ్చింది.

14.4 హెల్సింకి ఒడంబడిక

1974 మార్చి 22న హెల్సింకి నగరంలో ఏడు దేశాలు బాల్టిక్ రక్షణకు ఒడంబడికపై సంతకం చేశాయి. అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం. సంతకం చేసిన వాటిలో సోవియట్ యూనియన్, పోలండ్, తూర్పు జర్మనీ ఒక కూటమివి. పశ్చిమ జర్మనీ, డెన్మార్క్ ఎదుటి కూటమివి. స్వీడన్, ఫిన్లాండ్ తటస్థ దేశాలు. ఆయుధాల విషయంలో ఒకరినొకరు నమ్మని దేశాలు మురుగునీటి విషయంలో ఒక బల్ల చుట్టూ కూర్చున్నాయి. భూమి, నౌకలు, గాలి - ఈ మూడు దారుల్లో వచ్చే కాలుష్యాన్ని ఒకే పత్రంలో చేర్చి, ఒక సముద్రమంతటికీ వర్తింపజేసిన తొలి ప్రాంతీయ ఒడంబడిక ఇదే. ఇది 1980లో అమలులోకి వచ్చింది.

సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై బాల్టిక్ రిపబ్లిక్కులు స్వతంత్రమయ్యాక, 1992లో దీన్ని తిరగరాశారు. కొత్త ఒడంబడిక 2000 సంవత్సరంలో అమలులోకి వచ్చింది. తొమ్మిది తీర దేశాలు, ఐరోపా సమాఖ్య కలిపి ఇప్పుడు పది మంది భాగస్వాములు. ఒడంబడికను నడిపే సంఘం పేరు బాల్టిక్ సముద్ర పర్యావరణ పరిరక్షణ సంఘం, పొట్టిపేరు హెల్కామ్. దీని కార్యాలయం హెల్సింకిలో ఉంది.

హెల్కామ్‌కు పోలీసులు లేరు, జరిమానా వేసే అధికారం లేదు. నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా జరగాలి. ఇది చేసే పనులు ముఖ్యంగా మూడు: ఒకే పద్ధతిలో నీటిని కొలిచేలా అన్ని దేశాలకూ ప్రమాణాలు నిర్దేశించడం, చేయవలసిన పనులను సిఫార్సుల రూపంలో ఇవ్వడం, ఎవరు ఎంతవరకు చేశారో ప్రచురించడం. ఈ మూడో పనిని తక్కువ అంచనా వేయకండి. పదిమంది ముందు లెక్క బయటపడుతుందన్న సంగతి ప్రభుత్వాలను కదిలిస్తుంది.

14.5 భూమి మీది నుంచి వచ్చే ముప్పు

బాల్టిక్ దేశాలు పోషకాలను తగ్గించడానికి చేసిన ప్రయత్నాలు మూడు దశల్లో సాగాయి. ఒక్కో దశ ఒక్కో పాఠం నేర్పింది.

మొదటి దశ - అందరికీ ఒకే లక్ష్యం: 1988లో మంత్రుల సమావేశం 1995 నాటికి పోషకాలు, భార లోహాలు వంటి కాలుష్య కారకాలను 50 శాతం తగ్గించాలని ప్రకటించింది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అప్పటికే శుద్ధి కేంద్రాలు కట్టుకున్న దేశానికీ, ఏమీ కట్టని దేశానికీ ఒకే శాతం పెట్టడం సరికాదు. అదీగాక సముద్రం ఎంత భరించగలదన్న లెక్కతో ఆ సంఖ్య రాలేదు. పోషకాల విషయంలో, ముఖ్యంగా వ్యవసాయం నుంచి వచ్చే వాటి విషయంలో, లక్ష్యం నెరవేరలేదు.

రెండో దశ - ముఖ్యమైన చోట్ల గుర్తింపు: 1992లో పరీవాహక ప్రాంతమంతటా గాలించి అతి ఎక్కువ కాలుష్యం వదిలే సుమారు 160 చోట్లతో జాబితా తయారుచేశారు. పెద్ద నగరాల మురుగు, కాగితపు మిల్లులు, పశువుల పెంపకం ఎక్కువగా ఉన్న ప్రాంతాలు ఇందులో ఉన్నాయి. ఒక చోట బాగుపడిందని నిరూపిస్తే దాన్ని జాబితా నుంచి తొలగిస్తారు. మూడింట రెండు వంతులకు పైగా చోట్లు ఇప్పటికి అలా తొలగిపోయాయి.

ఈ దశలో అందరూ చెప్పుకునే ఉదాహరణ సెయింట్ పీటర్స్‌బర్గ్. సుమారు 50 లక్షల జనాభా ఉన్న ఈ నగరపు మురుగులో కొంత భాగం ఏళ్ల తరబడి శుద్ధి కాకుండానే నీవా నది, ఫిన్లాండ్ సింధుశాఖల్లో కలిసేది. 2005లో నగరపు నైరుతి శుద్ధి కేంద్రం పని మొదలుపెట్టింది. దీనికి ఫిన్లాండ్, స్వీడన్ కూడా ధనసహాయం చేశాయి. పొరుగు దేశపు మురుగు శుద్ధికి తమ ప్రజల పన్ను డబ్బు ఎందుకిచ్చాయి? అవి దానధర్మంగా ఇచ్చినవి కావు, లెక్క వేసి ఇచ్చినవి. తమ నగరాల్లో అప్పటికే శుద్ధి ఎక్కువ స్థాయిలో ఉంది. అక్కడ మరో టన్ను ఫాస్ఫరస్ తగ్గించాలంటే ఖర్చు చాలా ఎక్కువ. అదే డబ్బు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెడితే అనేక రెట్లు తగ్గుతుంది, లాభం హెల్సింకి తీరానికీ వస్తుంది. ఉమ్మడి సముద్రంలో డబ్బు ఎక్కడ పెట్టాలన్నది సరిహద్దును బట్టి గాక ఫలితాన్ని బట్టి నిర్ణయించాలన్నది ఈ దశ నేర్పిన పాఠం.

మూడో దశ - సముద్రం భరించగల లెక్క: 2007లో ఆమోదించిన బాల్టిక్ సముద్ర కార్యాచరణ ప్రణాళిక ఆలోచనను తలకిందులు చేసింది. ముందు సముద్రం ఆరోగ్యంగా ఉండాలంటే నీరు ఎంత తేటగా ఉండాలో నిర్ణయించారు. దాని నుంచి ఏడాదికి ఎంత పోషకం చేరవచ్చో లెక్కగట్టారు. 2013లో సవరించిన ఆ పరిమితి సుమారు 7.92 లక్షల టన్నుల నైట్రోజన్, సుమారు 21,700 టన్నుల ఫాస్ఫరస్. ఆ తరవాత దాన్ని సముద్ర భాగాల వారీగా విడగొట్టి, ఏ దేశం ఎంత తగ్గించాలో వాటాలు వేశారు. ఉన్న నీటిని బట్టి కాలువ కింద రైతులు వంతులు వేసుకున్నట్టే, సముద్రం తట్టుకోగలిగిన దాన్ని బట్టి దేశాలు వంతులు వేసుకున్నాయన్న మాట.

అయితే మురుగునీటిలో సాధించినంత విజయం వ్యవసాయంలో రాలేదు. మురుగు గొట్టానికి ఒక మూతి ఉంటుంది. అక్కడ శుద్ధి కేంద్రం పెట్టవచ్చు. ఎరువు అవశేషం లక్షల పొలాల నుంచి వాన నీటితో కొద్దికొద్దిగా కొట్టుకొస్తుంది, దానికి ఒక మూతి లేదు. నైట్రోజన్‌లో సుమారు పావు వంతు గాలి ద్వారా కూడా వస్తుంది. వీటిని తగ్గించాలంటే రైతు ఎరువు వాడే పద్ధతి, పశువుల పేడ నిల్వ, వాహనాల పొగ అన్నీ మారాలి. ఇది ఇంజనీరు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
1. 1988 నాటి లక్ష్యం ఎందుకు విఫలమైంది?
2. మురుగు కన్నా వ్యవసాయ కాలుష్యాన్ని అదుపుచేయడం ఎందుకు కష్టం?

14.6 నౌకల వల్ల వచ్చే ముప్పు

ఏ సమయంలో చూసినా బాల్టిక్‌లో సుమారు 2,000 నౌకలు తిరుగుతుంటాయి. వాటి వల్ల వచ్చే ముప్పు రెండు రకాలు: కావాలని వదిలేది, ప్రమాదవశాత్తు ఒలికేది.

మొదటిదానికి హెల్కామ్ కనిపెట్టిన విరుగుడు చాలా తెలివైనది. నౌకలో పోగయ్యే చమురు మడ్డి, చెత్త రేవులో అప్పగించాలంటే రుసుము చెల్లించాలి. ఆ రుసుము తప్పించుకోవడానికి కొందరు కెప్టెన్లు రాత్రివేళ దాన్ని సముద్రంలో వదిలేవారు. 1990ల చివరి నుంచి హెల్కామ్ సిఫార్సు ప్రకారం, చెత్త అప్పగించినా అప్పగించకపోయినా ఆ ఖర్చును రేవు రుసుములోనే కలిపేస్తున్నారు. ఎలాగూ డబ్బు కట్టాక చెత్తను సముద్రంలో వేసి కెప్టెన్ మిగుల్చుకునేదేమీ లేదు. తప్పు చేయడం వల్ల లాభం లేకుండా చేయడం ఇక్కడి సూత్రం. ఈ పద్ధతి ఒక్క రేవులో పెడితే పనిచేయదు, నౌకలు చౌకగా ఉన్న పక్క రేవుకు పోతాయి. అందరూ కలిసి పెడితేనే ఫలితం. దీనికి తోడు దేశాలు కలిసి విమానాల ద్వారా, ఉపగ్రహాల ద్వారా తెట్టులను గమనిస్తున్నాయి. 1980ల చివరితో పోలిస్తే అక్రమంగా వదిలిన చమురు తెట్టులు బాగా తగ్గాయి.

రెండోది, ప్రమాదాలు. 2001 మార్చిలో జర్మనీ, డెన్మార్క్‌ల మధ్య బాల్టిక్ క్యారియర్ అనే ట్యాంకర్ మరో నౌకతో ఢీకొని సుమారు 2,700 టన్నుల చమురు ఒలికింది. డెన్మార్క్ తీరం దెబ్బతింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో బాల్టిక్ దేశాల మంత్రులు కోపెన్‌హాగెన్‌లో సమావేశమై నౌకామార్గాలు, పటాలు, భద్రతా నియమాలపై కొత్త నిర్ణయాలు తీసుకున్నారు. 2004 జూలై నుంచి ఫిన్లాండ్ సింధుశాఖలో ఒక విధానం అమలవుతోంది. 300 టన్నులు, అంతకు మించిన స్థూల టన్నేజి గల ప్రతి నౌకా అక్కడికి ప్రవేశించేటప్పుడు తప్పక సమాచారమివ్వాలి. హెల్సింకి, టాలిన్, సెయింట్ పీటర్స్‌బర్గ్ కేంద్రాలు ఆ సమాచారాన్ని పంచుకుంటూ నౌకల రాకపోకలను గమనిస్తాయి. ప్రమాదం జరిగితే సహాయం ఎవరిని ఎలా అడగాలో ముందే రాసి ఉంటుంది. ఏటా దేశాలన్నీ కలిసి సముద్రంలో చమురు తొలగింపు విన్యాసాలు చేస్తాయి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం వల్ల ప్రయోజనం ఉండదని మనకూ తెలిసిందే కదా.

14.7 ఫలితాలు, పరిమితులు

ముందు సాధించినవి చూద్దాం. 1980ల గరిష్ఠ స్థాయితో పోలిస్తే సముద్రంలో చేరే ఫాస్ఫరస్ దాదాపు సగానికి తగ్గింది. నైట్రోజన్ కూడా గణనీయంగా తగ్గింది. డీడీటీ, పీసీబీ రసాయనాలను నిషేధించాక, ఒకప్పుడు గుడ్ల పెంకులు పలచబడి అంతరించే స్థితికి చేరిన తెల్లతోక గద్దలు మళ్లీ పెరిగాయి. బూడిదరంగు సీళ్ల సంఖ్య కోలుకుంది.

ఇక పరిమితులు. 2021 నాటికి సముద్రం మంచి స్థితికి చేరాలన్న 2007 ప్రణాళిక లక్ష్యం నెరవేరలేదు. 2023లో హెల్కామ్ ప్రచురించిన సమగ్ర మదింపు ప్రకారం సముద్ర విస్తీర్ణంలో 90 శాతానికి పైగా ఇంకా పోషకాధిక్యంతో బాధపడుతోంది. 2021లో నవీకరించిన ప్రణాళికలో 199 చర్యలు చేర్చి 2030 వరకు గడువు పెట్టారు.

పోషకాలు తగ్గినా సముద్రం ఎందుకు కోలుకోలేదు? జవాబు 14.3లో ఉంది: నీరు మారడానికి 30 ఏళ్లు పడుతుంది, అడుగు మట్టి పాత ఫాస్ఫరస్‌ను వదులుతూనే ఉంటుంది. దీనివల్ల రాజకీయంగా ఒక చిక్కు వస్తుంది. నేటి ప్రభుత్వం ఖర్చు పెడితే ఫలితం మరో తరం చూస్తుంది. ఎన్నికలు మాత్రం నాలుగైదేళ్లకే వస్తాయి. కాబట్టి ప్రగతిని కొలిచేటప్పుడు రెండు లెక్కలు విడివిడిగా చూడాలి: సముద్రంలో చేరుతున్నది ఎంత తగ్గింది అన్నది ఒకటి, సముద్రం ఎంత బాగుపడింది అన్నది రెండోది. రెండో సంఖ్య కదలలేదని మొదటి ప్రయత్నాన్ని ఆపేస్తే చేసిందంతా వృథా అవుతుంది.

మరో పరీక్ష 2022లో వచ్చింది. ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధానికి దిగాక, మిగిలిన భాగస్వాములు రష్యాతో కూడిన అధికారిక సమావేశాలను నిలిపివేశారు. మిగతావారు తమలో తాము పని కొనసాగిస్తున్నారు. కానీ ఏకగ్రీవ నిర్ణయం అనే సూత్రం మీద నడిచే సంఘానికి ఇది పెద్ద దెబ్బ. నీవా నది మాత్రం ఆగలేదు, దానిలో వచ్చేది ఫిన్లాండ్ సింధుశాఖలో కలుస్తూనే ఉంది. ప్రచ్ఛన్న యుద్ధంలో పుట్టి నిలిచిన సహకారం ఇప్పుడు ఎలా నిలుస్తుందన్నది పర్యావరణ పాలనలో నేటి ప్రధాన ప్రశ్నల్లో ఒకటి.

14.8 బంగాళాఖాతం: మనకు వర్తించే అంశాలు

బంగాళాఖాతం బాల్టిక్ కాదు. ఇది లోతైనది, దక్షిణాన హిందూ మహాసముద్రంలోకి విశాలంగా తెరుచుకున్నది. అయినా గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ నదులన్నీ ఇందులోనే కలుస్తాయి. గంగ, బ్రహ్మపుత్రలు ఒకటికి మించిన దేశాల మురుగును మోసుకొస్తాయి. సుమారు 100 మీటర్ల దిగువ నుంచి కొన్ని వందల మీటర్ల వరకు ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే పొర ఇక్కడ సహజంగానే ఉంది. ఇలాంటి సముద్రానికి అదనపు పోషకాలు చేరితే ఏమవుతుందో బాల్టిక్ పాఠం చదివిన మీరు ఊహించగలరు. సుమారు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలోని మత్స్యకారుల బతుకు ఈ నీటి మీదే ఆధారపడి ఉంది.

మనకూ ఒక ప్రాంతీయ ఏర్పాటు ఉంది. భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్ కలిసి 1995లో దక్షిణాసియా సముద్రాల కార్యాచరణ ప్రణాళికను ఆమోదించాయి. కొలంబోలోని దక్షిణాసియా సహకార పర్యావరణ కార్యక్రమం దీన్ని నిర్వహిస్తుంది. అయితే హెల్సింకి ఒడంబడిక వంటి చట్టబద్ధమైన ప్రాంతీయ ఒడంబడిక దీనికి లేదు. దేశాల వారీ పోషక వాటాలూ లేవు. బంగాళాఖాతపు తూర్పు ఒడ్డున ఉన్న మయన్మార్ దీనిలో లేదు.

హఠాత్తుగా వచ్చే ముప్పుల విషయంలో సహకారం కొంత మెరుగు. 2020 సెప్టెంబర్‌లో కువైట్ నుంచి పారాదీప్‌కు సుమారు 2.7 లక్షల టన్నుల ముడి చమురుతో వస్తున్న న్యూ డైమండ్ ట్యాంకర్ శ్రీలంక తూర్పు తీరం దగ్గర మంటల్లో చిక్కుకుంది. భారత తీరరక్షక దళం, భారత, శ్రీలంక నౌకాదళాలు కలిసి మంటలు ఆర్పాయి. సరుకుగా ఉన్న ముడి చమురు సముద్రం పాలు కాలేదు. ఒలికిన చమురు ఎటు కొట్టుకుపోతుందో అంచనా వేసి చెప్పే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. అది భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్. హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ హెచ్చరికలు కూడా ఇక్కడి నుంచి వెళతాయి.

మరుసటి ఏడాది కథ వేరుగా ముగిసింది. 2021 మే నెలలో ఎక్స్-ప్రెస్ పెర్ల్ అనే కంటైనర్ ఓడలో ఒక కంటైనర్ నుంచి నైట్రిక్ ఆమ్లం కారడం సిబ్బంది గమనించారు. ఓడ నిర్వాహకులు తెలిపిన ప్రకారం, ఆ కంటైనర్‌ను దించుకోమని ఖతార్‌లోని హమద్ రేవును, గుజరాత్‌లోని హజీరా రేవును కోరారు. తగిన సదుపాయాలు లేవని రెండు చోట్లా దించుకోలేదు. ఓడ కొలంబో చేరింది. మే 20న అక్కడ మంటలు లేచాయి, జూన్ 2న ఓడ మునగడం మొదలైంది. 1,486 కంటైనర్లున్న ఆ ఓడలోని ప్లాస్టిక్ గుళికలు శ్రీలంక పడమటి తీరమంతా పరుచుకున్నాయి. అక్కడి జాలర్లు చాలా కాలం వేటకు దూరమయ్యారు.

ఇప్పుడు 195వ అధికరణను గుర్తుచేసుకోండి. ప్రతి రేవూ తన కోణం నుంచి చూస్తే సరైన నిర్ణయమే తీసుకుంది అనిపించవచ్చు. తన ముప్పు తప్పింది. కానీ ముప్పు మాయం కాలేదు, ఎదుర్కొనే శక్తి తక్కువ ఉన్న పొరుగువాడి వాకిట్లోకి వెళ్లింది. కారుతున్న కంటైనర్‌ను ఏ రేవు దించుకోవాలి, ఖర్చు ఎవరు భరించాలి అని ముందే రాసుకున్న ఉమ్మడి నియమం ఉంటే నిర్ణయం ఒక్క రేవు అధికారి మీద పడేది కాదు. బాల్టిక్ రేవులు చెత్త రుసుము విషయంలో కలిసి నిర్ణయించుకున్నది సరిగ్గా ఇటువంటి సమస్యనే.

బాల్టిక్ నుంచి మనం యథాతథంగా తెచ్చుకోగలిగినవి తక్కువే. అక్కడి దేశాల్లో చాలావరకు సంపన్నమైనవి, వాటికి ఐరోపా సమాఖ్య చట్టాల అండ ఉంది. కానీ ఒకే పద్ధతిలో కొలవడం, కొలిచింది దాచకుండా ప్రచురించడం, రేవులకు ఉమ్మడి నియమాలు పెట్టుకోవడం సంపన్న దేశాలకే సాధ్యమైనవి కావు. ప్రచ్ఛన్న యుద్ధంలో శత్రువులు చేసుకోగలిగినవి అవి.

14.9 సారాంశం

ఉమ్మడి సముద్రంలో ముప్పులు నెమ్మదిగా పేరుకునేవి, హఠాత్తుగా వచ్చేవి, గతం నుంచి మిగిలినవి అని మూడు రకాలు. సముద్ర చట్ట ఒడంబడిక సాధారణ బాధ్యతలు చెబుతుంది, అమలు వివరాలు ప్రాంతీయ ఒప్పందాలు నిర్ణయిస్తాయి. బాల్టిక్ దేశాలు 1974 నుంచి సాగించిన కృషిలో సమాన శాతం లక్ష్యం విఫలమైంది. కాలుష్య కేంద్రాల గుర్తింపు, సముద్రం భరించగల లెక్కను బట్టి వాటాలు మేలైన ఫలితాలిచ్చాయి. నౌకల విషయంలో తప్పు వల్ల లాభం లేకుండా చేసిన రుసుము విధానం ఉపయోగపడింది. అయినా సముద్రం కోలుకోవడానికి తరాలు పడుతుంది. బంగాళాఖాతంలో ప్రమాదాల వేళ సహకారం ఉంది గాని, నెమ్మదిగా పేరుకునే ముప్పులకు ఉమ్మడి లెక్క ఇంకా ఏర్పడలేదు.

14.10 కీలక పదాలు

పోషకాధిక్యం: నైట్రోజన్, ఫాస్ఫరస్ ఎక్కువై శైవలాలు విపరీతంగా పెరిగే స్థితి.
పరీవాహక ప్రాంతం: ఒక నదికి లేదా సముద్రానికి నీరు వచ్చి చేరే మొత్తం భూభాగం.
పాక్షికంగా మూసిన సముద్రం: దేశాల మధ్య ఉండి, ఇరుకైన దారి ద్వారా మాత్రమే మహాసముద్రంతో కలిసే సముద్రం.
ప్రత్యేక ఆర్థిక మండలి: తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు, వనరులపై తీర దేశానికి హక్కులుండే ప్రాంతం.

14.11 ప్రగతి ప్రశ్నలకు సమాధాన సూచనలు

ప్రగతి - 1: (1) సంఘటన జరిగే అవకాశం, జరిగితే కలిగే నష్టం. (2) ముప్పును ఒక చోటి నుంచి మరో చోటికి నెట్టకూడదని.
ప్రగతి - 2: (1) దేశాల మధ్య తేడాలను, సముద్రం భరించగల పరిమితిని లెక్కలోకి తీసుకోకపోవడం; వ్యవసాయ కాలుష్యాన్ని అదుపుచేయలేకపోవడం. (2) అది లక్షల పొలాల నుంచి కొద్దికొద్దిగా రావడం, శుద్ధి చేయడానికి ఒక నిర్దిష్టమైన చోటు లేకపోవడం.

14.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బాల్టిక్ సముద్రంలో పోషక నియంత్రణ మూడు దశలను వివరించి, ఒక్కో దశ నేర్పిన పాఠాన్ని చర్చించండి.
2. ఎక్స్-ప్రెస్ పెర్ల్ ప్రమాదాన్ని సముద్ర చట్ట ఒడంబడిక 195వ అధికరణ వెలుగులో విశ్లేషించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సెయింట్ పీటర్స్‌బర్గ్ శుద్ధి కేంద్రానికి ఫిన్లాండ్, స్వీడన్ ఎందుకు ధనసహాయం చేశాయి?
2. పోషకాలు తగ్గినా బాల్టిక్ సముద్రం వెంటనే కోలుకోకపోవడానికి కారణాలేమిటి?
3. రేవు రుసుములోనే చెత్త ఖర్చు కలపడం వల్ల ప్రయోజనమేమిటి?

III. అభ్యాసం
మీ ఊరి మురుగు ఏ కాలువలో, ఏ చెరువులో, ఏ నదిలో కలిసి చివరికి ఏ సముద్రానికి చేరుతుందో తెలుసుకుని ఒక పటం గీయండి. దారిలో అది ఎక్కడైనా శుద్ధి అవుతోందో లేదో గుర్తించండి.